మధ్యాహ్నం ఎండ, సాయంత్రం పిడుగు

పగలంతా నిప్పులు చెరిగిన రోజునే సాయంత్రానికి ఉరుములూ పిడుగులూ ఎందుకొస్తాయి? ఏప్రిల్, మే నెలల్లో మన ఊళ్ళలో ఎవరో ఒకరి నోట ఈ ప్రశ్న వినబడుతూనే ఉంటుంది. మూడింటి దాకా వీధిలో పిట్ట కనిపించదు. నాలుగింటికి ఆకాశంలో ఒక మూల నల్లబడుతుంది. ఐదింటికల్లా దుమ్ము రేపుతూ గాలి, దాని వెనకే పెద్ద పెద్ద చినుకులు, అంతలోనే చెవులు చిల్లులు పడేలా పిడుగు. "ఇంత ఉక్కపోస్తే వాన పడక మానదు" అని పెద్దవాళ్ళు మధ్యాహ్నమే చెప్పి ఉంటారు. వాళ్ళ మాట నిజం. పగలు నేలను కాల్చిన ఎండే సాయంత్రం మబ్బును పైకి లేపుతుంది.

ఎండా పిడుగూ రెండూ ప్రాణాలు తీసేవే. జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క ప్రకారం 2022లో దేశం మొత్తం మీద ప్రకృతి వైపరీత్యాలకు 8,060 మంది బలైతే, వారిలో 2,887 మంది పిడుగుపాటుకు పోయినవారు. వరదలూ తుపానులూ పత్రికల మొదటి పేజీకెక్కుతాయి. పిడుగు ఒక్కొక్కరినీ ఒక్కో పొలంలో చంపుతుంది కాబట్టి లోపలి పేజీలో నాలుగు లైన్లతో సరి. ఆ ఏడాదే వడదెబ్బ పద్దు కింద చూపినవి 730 మరణాలు. ఈ అంకెను చూసి ధైర్యపడటానికి లేదు. ఎండకు అలిసి ఆగిపోయిన గుండె చాలాసార్లు కాగితం మీద గుండెపోటుగానే నమోదవుతుంది. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశంలో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణల వారే.

జాగ్రత్తలు చెప్పేవారికి కొదవలేదు. "ఎండ తగ్గాక పని చూసుకోండి" అని ఒక సలహా. "సాయంత్రం ఉరుముతుంటే పొలంలో ఉండకండి" అని ఇంకో సలహా. రెండూ సరైనవే. రెంటినీ ఒకే రోజు పాటించాలంటే మాత్రం పని ఎప్పుడు చేసుకోవాలో రైతుకు పాలుపోదు. ఈ చిక్కు విడాలంటే ఎండ ఒంటిని ఏం చేస్తుందో, పిడుగు ఎలా పుడుతుందో ముందు తెలుసుకోవాలి.

మట్టికుండ చెప్పే పాఠం

మన ఒంటి లోపలి వేడి 37 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. తిన్న తిండి శక్తిగా మారేటప్పుడు లోపల వేడి పుడుతూనే ఉంటుంది. ఊరికే కూర్చున్న మనిషి ఒంట్లోంచే సుమారు 100 వాట్ల వేడి బయటకు పోవాలి. పలుగూ పారా పట్టి మట్టి తవ్వే మనిషిలో అది మూడు నాలుగు రెట్లవుతుంది. గాలి మన చర్మం కన్నా చల్లగా ఉన్నంతసేపూ చిక్కు లేదు, వేడి దానంతట అదే గాలిలోకి పోతుంది. చర్మం వేడి సుమారు 35 డిగ్రీలు. బయటి గాలి ఆ గీత దాటిందంటే వేడి ఎదురు తిరిగి గాలిలోంచి ఒంట్లోకి రావడం మొదలుపెడుతుంది. అప్పుడిక మిగిలిన ఆధారం చెమట ఒక్కటే.

చెమట పని అర్థం కావాలంటే వేసవిలో మనం తాగే మంచినీళ్ళ కుండను చూడాలి. కుండ గోడలో కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలుంటాయి. లోపలి నీరు వాటిలోంచి ఊరి బయటికొచ్చి ఆవిరవుతుంది. ఆవిరి కావడానికి కావలసిన వేడిని కుండ నుంచీ, లోపలి నీటి నుంచీ లాక్కుంటుంది. అందుకే నీళ్ళు చల్లబడతాయి. ఒంటి మీద చెమట చేసేదీ సరిగ్గా ఇదే. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే ఒంట్లోంచి సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. గంటసేపు బరువు పని చేస్తే ఒంట్లో పుట్టే వేడి కన్నా ఇది ఎక్కువే.

కుండ చల్లబడాలంటే మూడు కావాలి. లోపల నీళ్ళుండాలి, గోడ ఊరాలి, బయటి గాలి పొడిగా ఉండాలి. మూడోదాని సంగతి ప్రతి ఇల్లాలికీ తెలుసు. ఎండ మండిపోయే రోజున కుండలో నీళ్ళు చల్లగా ఉంటాయి, ముసురు పట్టిన రోజున అంత చల్లబడవు. గాలి అప్పటికే నీటి ఆవిరితో నిండి ఉంటే ఇంకొంచెం ఆవిరికి చోటివ్వదు. మనకూ అంతే. ఉక్కపోతలో చెమట ధారగా కారుతుంది గాని ఆరదు. కారి నేలపాలైన చెమట ఒంటిని చల్లబరచదు, ఒంట్లోని నీళ్ళనూ ఉప్పునూ మాత్రం పట్టుకుపోతుంది.

అందుకే పల్నాటి రెంటచింతలలో 42 డిగ్రీలను ఓర్చుకున్న మనిషి బందరులో 37 డిగ్రీలకే అల్లాడిపోతాడు. ఈ తేడాను కొలవడానికి శాస్త్రజ్ఞులు థర్మామీటరు బల్బుకు తడిగుడ్డ చుట్టి గాలి ఆడనిస్తారు. అప్పుడది చూపే అంకెను తడిగుడ్డ ఉష్ణోగ్రత అనుకుందాం. వాతావరణ శాఖవారు దాన్నే వెట్ బల్బ్ టెంపరేచర్ అంటారు. గాలిలో తేమ 20 శాతమే ఉంటే, 42 డిగ్రీల ఎండలో కూడా తడిగుడ్డ ఉష్ణోగ్రత 24 డిగ్రీల దగ్గర ఉంటుంది. తేమ 60 శాతానికి చేరితే 37 డిగ్రీల రోజునే అది 30 డిగ్రీలు చూపిస్తుంది. తడిగుడ్డ ఉష్ణోగ్రత 35 దగ్గర నిలబడిపోతే ఎంత ఆరోగ్యవంతుడైనా, నీడలో ఫ్యాను కింద ఉన్నా కొన్ని గంటలకు మించి తట్టుకోలేడని 2010లో లెక్కగట్టారు. ఆ తర్వాత పడుచువాళ్ళ మీద జరిపిన పరీక్షల్లో, తేమగాలిలో 31 డిగ్రీల దగ్గరే ఒంటి వేడి అదుపు తప్పడం చూశారు.

వాతావరణ శాఖ కొలబద్దలోనూ ఈ తేడా ఉంది. మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలు పెరిగినప్పుడు వడగాడ్పు ప్రకటించడానికి మైదానంలో కనీసం 40 డిగ్రీలు ఉండాలి. సముద్ర తీరంలో 37 చాలు. కాబట్టి టీవీలో డిగ్రీల అంకె ఒక్కటే చూసి "మన దగ్గర ఫర్వాలేదు" అనుకోకూడదు. తేమ శాతం కూడా చూడాలి.

ఇంట్లో ఉన్నవారికీ వడదెబ్బే

కుండతో పోలిక ఒక చోట ఆగిపోతుంది. కుండకు గుండె లేదు. ఒంటి లోపలి వేడిని చర్మం దాకా మోసుకొచ్చేది రక్తం. ఎండ పెరిగేకొద్దీ గుండె ఎక్కువ రక్తాన్ని చర్మానికి పంపాలి, అందుకు వేగం పెంచాలి. మరోపక్క చెమటగా నీరు పోయి రక్తం పరిమాణమే తగ్గిపోతుంటుంది. తక్కువ రక్తంతో ఎక్కువ పని చేయాల్సిన ఈ పరిస్థితిని పడుచు గుండె కొంతవరకు నెట్టుకొస్తుంది. డెబ్బై ఏళ్ళ గుండెకు, ఇప్పటికే జబ్బుపడ్డ గుండెకు అది తలకు మించిన భారం. బీపీకి వాడే మందుల్లో కొన్ని మూత్రంగా నీటిని బయటకు పంపేవి. అవి వాడేవారు వేసవి రాగానే ఒకసారి డాక్టరును అడగడం మంచిది. సొంతంగా ఆపేయడం మాత్రం ప్రమాదం.

"గడప దాటలేదు, వడదెబ్బ ఎలా తగిలింది?" అని ఆశ్చర్యపోతారు గాని, రేకుల ఇంట్లో మధ్యాహ్నం కూర్చోవడం ఎండలో కూర్చోవడానికి ఏమంత తీసిపోదు. స్లాబు ఇల్లయితే పగలు తాగిన వేడిని రాత్రంతా కక్కుతూనే ఉంటుంది. పగటి ఎండ నుంచి ఒళ్ళు తేరుకోవలసింది రాత్రి పూటే. రాత్రీ చల్లబడకపోతే అలసట మర్నాటికి పేరుకుంటుంది. వరసగా మూడు నాలుగు రోజులు వడగాడ్పులు వీచినప్పుడు మరణాలు పెరగడానికి ఇదొక కారణం. మేడ మీద సున్నం కొడితే ఎండ చాలావరకు వెనక్కి తిరిగిపోయి, ఇంట్లో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో చల్లటి పైకప్పుల కోసం ఒక విధానమే తెచ్చింది. ఫ్యాను సంగతికొస్తే, పొడిగాలి 40 డిగ్రీలు దాటాక అది విసిరేది వేడిగాలినే. ఒంటి మీద తడిగుడ్డ కప్పుకుంటే అదే ఫ్యాను మళ్ళీ పనికొస్తుంది.

తాగే నీళ్ళ విషయంలో ఒక పొరపాటు జరుగుతుంటుంది. చెమటలో పోయేది నీరొక్కటే కాదు, ఉప్పు కూడా. చెమట కక్కుతూ పనిచేసినవారు ఉప్పు లేని నీళ్ళే బిందెలు తాగితే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతి, మగత వస్తాయి. ఉప్పేసిన మజ్జిగ, గంజి, తరవాణి మనవాళ్ళకు ఊరికే అలవాటు కాలేదు. ఓఆర్‌ఎస్ పొట్లం దొరకకపోతే లీటరు నీళ్ళలో ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూను ఉప్పు, రెండూ తలకొట్టి, కలుపుకోవచ్చు. కల్లు, మద్యం ఒంట్లోని నీటిని ఇంకా పోగొడతాయి. జేబులో పెట్టుకున్న ఉల్లిపాయ వల్ల ఏ లాభమూ లేదు. మజ్జిగన్నంలో నంజుకుంటే రుచైనా దక్కుతుంది.

ఎండకు ఒళ్ళు అలవాటు పడటానికి వారం, పది రోజులు పడుతుంది. చెమట ముందుగా పట్టడం, అందులో ఉప్పు తగ్గడం ఆ రోజుల్లో జరిగే మార్పులే. పనిలో కొత్తగా చేరినవారు, జ్వరం తగ్గి తిరిగొచ్చినవారు మొదటి రెండు మూడు రోజుల్లోనే ఎక్కువగా కూలబడతారు. ఉపాధి హామీ పనిలోనైనా, ఇటుక బట్టీలోనైనా కొత్తవారికి మొదటి రోజునే నిండు పని అప్పజెప్పకూడదు.

ఇక అసలైన వడదెబ్బ. ఒంటి లోపలి వేడి 40 డిగ్రీలు దాటి మెదడు దెబ్బతినడం మొదలైన స్థితి అది. మనిషి తడబడతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు, అడిగినదానికి కోపం తెచ్చుకుంటాడు, పడిపోతాడు. చెమట పడుతోంది కాబట్టి వడదెబ్బ కాదనుకోవడం తప్పు. పనిలో ఉండగా తగిలే వడదెబ్బలో ఒళ్ళు చెమటతో తడిసే ఉండవచ్చు. 108కి ఫోన్ చేసి, బండి వచ్చేదాకా చేతులు కట్టుకు కూర్చోకుండా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసరాలి. ఐసు ఉంటే మెడకు, చంకల్లో, గజ్జల్లో పెట్టాలి. స్పృహ సరిగా లేని మనిషి నోట్లో నీళ్ళు పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. జ్వరం మాత్ర ఇక్కడ పనిచేయదు. ఆసుపత్రికి చేర్చడం ఎంత ముఖ్యమో, చేర్చేలోగా చల్లబరచడం అంత ముఖ్యం.

ఆ చల్లగాలిని నమ్మకండి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటారు. అంతగా కాగిన నేల తన మీది గాలిని వేడెక్కిస్తే అది తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం మీది నుంచి వచ్చే తేమ కూడా దానికి తోడైన రోజున కథ మారుతుంది. పైకి పోయినకొద్దీ ఆ ఆవిరి చల్లబడి నీటి బొట్లవుతుంది. ఆవిరి నీరయ్యేటప్పుడు తనలో దాచుకున్న వేడిని వదిలేస్తుంది, దాంతో గాలి ఇంకా జోరుగా ఎగుస్తుంది. గంట తిరక్కుండా పది, పన్నెండు కిలోమీటర్ల ఎత్తు మబ్బు తయారవుతుంది. వాతావరణ శాఖ దాన్ని క్యుములోనింబస్ అంటుంది, ఉరుముల మబ్బు అంటే మనకు చాలు.

ఐదారు కిలోమీటర్ల పైన గడ్డకట్టే చలి. అక్కడ సన్నని మంచు రవ్వలు, వాటికన్నా బరువైన మంచు గుళికలు ఒకదాన్నొకటి ఢీకొంటూ ఉంటాయి. ప్రతి తాకిడిలోనూ కొంత విద్యుత్తు చేతులు మారుతుంది. తేలికైన రవ్వలు ధన విద్యుత్తుతో మబ్బు నెత్తికి చేరతాయి. బరువైన గుళికలు రుణ విద్యుత్తుతో కింది భాగంలో పోగవుతాయి. ఈ ఎడం భరించలేనంత పెరిగినప్పుడు గాలిని చీల్చుకుంటూ విద్యుత్తు నేలకు దిగుతుంది. అదే పిడుగు. అందులో సుమారు 30,000 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. అది నడిచిన దారిలో గాలి దాదాపు 30,000 డిగ్రీలకు, అంటే సూర్యుడి ఉపరితలానికి ఐదు రెట్ల వేడికి చేరి ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. ఆ మోతే ఉరుము.

వాన మొదలయ్యాక ఆ మబ్బు కిందే మరో పని జరుగుతుంది. కుండను చల్లబరిచిన సూత్రమే ఇక్కడా ఉంది. రాలే చినుకుల్లో కొన్ని దారిలోనే ఆవిరై చుట్టూ గాలిని చల్లబరుస్తాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూకి, నేలను తాకి నాలుగు దిక్కులకూ పరుచుకుంటుంది. వానకు ముందు మన ముఖానికి తగిలే చల్లగాలి అదే. పొద్దుటి నుంచి ఉడికిన జనం ఆ గాలికి మేడలెక్కుతారు, చెట్ల కిందికి చేరతారు, పిల్లలు మైదానంలోకి పరుగెత్తుతారు. సరిగ్గా అప్పటికే మనం పిడుగు అందుకోగల దూరంలో ఉన్నాం. మబ్బుకు పది, పదిహేను కిలోమీటర్ల దూరాన, వాన లేని చోట కూడా పిడుగు పడగలదు. ఉరుము వినబడేదీ దాదాపు అంత దూరమే. కాబట్టి గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: ఉరుము వినబడిందంటే పిడుగు మన దాకా రాగలదు. మెరుపుకూ ఉరుముకూ మధ్య ప్రతి మూడు సెకన్లకు ఒక కిలోమీటరు లెక్క వేసుకోవచ్చు గాని, లెక్క పూర్తయ్యేదాకా ఆగడం తెలివైన పని కాదు.

2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లోనే 36,749 పిడుగులు పడినట్టు రాష్ట్ర విపత్తు నిర్వహణ సంస్థ నమోదు చేసింది. అలాంటి రోజున ఎన్ని పిడుగులు పడతాయో మన చేతిలో లేదు. అవి పడే వేళకు ఎక్కడ ఉంటామన్నది మాత్రం చాలావరకు మన చేతిలోనే ఉంది.

పిడుగు మనిషిని చేరే దారులు

పిడుగు నెత్తిన పడి చనిపోయారని రాస్తారు గాని, నేరుగా మనిషి మీదే పడేది చాలా తక్కువ. నూటికి ఐదు కేసులకు మించవని అంచనా. సగానికి సగం మందిని చంపేది నేల కరెంటు. పిడుగు చెట్టు మీదో, గట్టు మీదో పడి నేలలో నలువైపులా పాకుతుంది. దగ్గర చోట ఓల్టేజి ఎక్కువ, దూరం పోయినకొద్దీ తక్కువ. అక్కడ ఒక కాలు ముందుకూ ఒక కాలు వెనక్కూ పెట్టి నిలబడితే ఆ తేడా మన రెండు కాళ్ళ మధ్య పడుతుంది. పశువుకు ముందు కాళ్ళకూ వెనక కాళ్ళకూ ఎడం ఎక్కువ, పైగా గుండె మధ్యలో ఉంటుంది. కాపరి బతికి మందంతా పోవడం వెనక కారణం ఇదే. నార్వేలో 2016లో ఒక్క ఉరుముల వానకు 323 రెయిన్‌డీర్లు ఒకే చోట కుప్పకూలాయి.

చెట్టు కింద ఇంకో ప్రమాదం కూడా ఉంది. కరెంటు ప్రవహించడానికి చెట్టు మాను కన్నా ఉప్పునీటితో నిండిన మన ఒళ్ళు తేలిక. కాబట్టి చెట్టు మీద పడ్డ పిడుగు సగం దారిలో పక్కనున్న మనిషి మీదికి దూకుతుంది. పొలం మధ్యలో ఒంటరిగా నిలిచిన తాటిచెట్టు కింద, చింతచెట్టు కింద తడవకుండా నిలబడటం కన్నా తడుస్తూ దూరంగా పోవడమే మేలు. పొలంలోని పాక, ప్లాస్టిక్ పట్టా వేసిన పందిరి, బస్టాపు షెడ్డు వాన నుంచి కాపాడతాయి గాని పిడుగు నుంచి కాపాడవు. మోటారు షెడ్డు మరీ ప్రమాదం. ఎక్కడో తీగ మీద పడ్డ పిడుగు స్టార్టరు దాకా వస్తుంది.

నమ్మదగ్గ చోట్లు రెండే. కరెంటు, నీటి పైపులు ఉన్న పక్కా భవనం ఒకటి. అద్దాలు మూసిన కారు, బస్సు రెండోది. ఆర్టీసీ బస్సులో ఉన్నవారిని కాపాడేది రబ్బరు టైర్లు కావు, చుట్టూ ఉన్న లోహపు రేకు. కరెంటు దాని పైనుంచే నేలకు దిగిపోతుంది. కొన్ని కిలోమీటర్ల గాలిని చీల్చుకొచ్చిన పిడుగును అంగుళం రబ్బరు ఆపలేదు. రబ్బరు చెప్పులను నమ్ముకోకూడదనడానికీ కారణం ఇదే. బైకు, ఆటో, పైకప్పు లేని ట్రాక్టరు రక్షణ ఇవ్వవు. ఇంట్లో ఉన్నా తీగ ఉన్న ఫోను, కుళాయి, ప్లగ్గులో ఉన్న యంత్రాలు ముట్టుకోకూడదు. చేతిలోని సెల్‌ఫోను పిడుగును ఆకర్షిస్తుందనేది అపోహ. చార్జింగులో పెట్టి మాట్లాడకపోతే చాలు. ఆఖరి ఉరుము వినబడ్డాక అరగంట ఆగి బయటికి రావాలి. "అర్జునా, ఫల్గుణా" అని తలుచుకోవాలనిపిస్తే ఆ తలుచుకునేది పక్కా ఇంట్లోకి వెళ్ళి తలుచుకోవచ్చు.

ఏ దిక్కూ లేని బయలులో చిక్కుకుంటే గుంపుగా ఉండకుండా విడివిడిగా నిలవాలి, పడుకోకూడదు. కాళ్ళు దగ్గరగా పెట్టి గొంతుకూర్చోవడం ఆఖరి ప్రయత్నమే తప్ప రక్షణ కాదు. పిడుగుపాటుకు గురైన మనిషి ఒంట్లో కరెంటు మిగిలి ఉండదు, వెంటనే ముట్టుకోవచ్చు. ఊపిరి ఆడకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఉంచి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకూడదు. పిడుగు దెబ్బకు ఆగిన గుండెలు ఇలా తిరిగి కొట్టుకున్న సందర్భాలు ఉన్నాయి.

పని వేళ మారాలి

ఇప్పుడు మొదటి చిక్కుకు రావచ్చు. ఎండ నుంచి తప్పించుకోవాలంటే పన్నెండు నుంచి నాలుగు దాకా బయట ఉండకూడదు. పిడుగులు ఎక్కువగా పడేది మూడింటి నుంచి రాత్రి దాకా. కొనుగోలు కేంద్రంలో ఆరబోసిన వడ్ల దగ్గర ఈ రెండూ కలుస్తాయి. మధ్యాహ్నమంతా ఎండ కోసం రాశి విప్పి ఉంచుతారు. గాలి లేచాక ఇంటిల్లిపాదీ పరుగెడతారు. ఒకరు పట్టా కొస లాగుతుంటే ఇంకొకరు అంచుల మీద ఇటుకలు పెడతారు. గాలికి పట్టా లేచిపోతుంటే మనిషే దాని మీద కూర్చుంటాడు. చుట్టూ ఎకరాల కొద్దీ ఎత్తయినదేదీ ఉండదు. ఎండుమిర్చి కల్లంలోనూ ఇదే పరిస్థితి. ఆరు నెలల కష్టం తడిసిపోతుంటే ఇంట్లో కూర్చోమనడం చెప్పినంత తేలిక కాదు.

కాబట్టి సలహా గాలి లేచాక ఇచ్చేది కాకూడదు. పిడుగుల హెచ్చరిక ఉన్న రోజున రెండున్నరకే రాశి కప్పేయాలి. బయటి పని తెల్లవారుజామున ఐదున్నరకు మొదలుపెట్టి పదకొండు లోపు ముగించాలి. "ఎండ తగ్గాక సాయంత్రం చేద్దాం" అన్న వాయిదా ఉరుముల సూచన లేని రోజులకే పనికొస్తుంది. ఆ సూచన ఇప్పుడు అందుబాటులోనే ఉంది. వాతావరణ శాఖ జిల్లాలవారీగా రాబోయే మూడు గంటల పరిస్థితి చెబుతోంది. పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారు చేసిన దామిని యాప్ మనకు 20, 40 కిలోమీటర్ల లోపు పిడుగులు పడుతుంటే హెచ్చరిస్తుంది.

అయితే కూలికి వెళ్ళే మనిషి చేతిలో ఫోనుంటే సరిపోదు, పని ఆపే హక్కు కూడా ఉండాలి. వేళ నిర్ణయించేది మేస్త్రీ, కాంట్రాక్టరు, రైతు, ఉపాధి పని చూసే ఫీల్డ్ అసిస్టెంటు. ఈ అధ్యాయం చదివినవారిలో అలాంటివారు ఉంటే వారికే చివరి మాట. ఈ వేసవిలో మీ దగ్గర పనిచేసేవారిని సూర్యోదయానికి ముందే రమ్మనండి, పదకొండింటికి ఇంటికి పంపండి, ఉరుము వినబడి పని ఆపితే ఆ పూట కూలి కోయకండి.